వరండా కేసు

ఆడవాళ్ళ వార్డులో ఇరవై రెండేళ్ళు ఆయాగా నెట్టుకురావడమంటే మాటలా! విజయనగరం ప్రభుత్వాసుపత్రికి ఎందరు డాక్టర్లు వచ్చారో, ఎందరు పోయారో, కూర్మమ్మ మాత్రం కదల్లేదు. నోరు పెద్దది గానీ మనసు చెడ్డది కాదు. పురిటి నొప్పులతో ఏడ్చే ఎందరి నడుములు నిమిరిందో లెక్కే లేదు.

అయితే అక్కడ ఒక అలవాటుండేది. రైలు స్టేషన్ల దగ్గర, బస్టాండుల్లో పడిపోయినవాళ్ళని 108 వాళ్ళు తెస్తే, వాళ్ళకి మంచం ఉండదు. వార్డు వెనక వరండాలో చాపే. ముందు గుండు, తర్వాత స్నానం, ఆ పైన మందు. పేలు పక్కవాళ్ళకి పాకుతాయని ఆ గుండు. పేరడిగే ఓపిక ఎవడికుంది? కాగితం మీద 'తెలియని ఆడమనిషి' అని రాసేవారు, నోటితో 'వరండా కేసు' అనేవారు.

2016 ఎండాకాలంలో కొత్తవలస స్టేషన్ నుంచి ఒకావిడని తెచ్చారు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. కూర్మమ్మ కత్తెర తీసేసరికి రెండు చేతులతో తల పట్టుకుని, "వొద్దమ్మా, వొద్దు" అని ఏడ్చింది.

"ఏటే నీ ఏడుపు! బతికితే జుట్టు మల్లీ వస్తాది" అని కసిరి, కూర్మమ్మ తన పని కానిచ్చింది. ఆ వారంలో అది మూడో గుండు. ఊడ్చి బకెట్లో పోసేసింది. ఎవరి జుట్టు ఎంత పొడుగో ఎవరు చూస్తారండీ?

మూడో రోజు పొద్దున్న సముద్రం ఒడ్డు చింతపల్లి నుంచి జగ్గమ్మ అనే పిల్ల వచ్చింది. చేపలమ్ముకునే ఇంటి పిల్ల. తల్లి మతి తప్పి, నెల కిందట ఇల్లు విడిచి ఎటో పోయిందట. అప్పట్నుంచీ ఊరూరా తిరుగుతోంది.

"అమ్మా, నాది సింతపల్లి, జగ్గమ్మంటారు. మాయమ్మ గానీ ఇక్కడున్నాదేటి? సన్నగుంటాది. నడుం దాకా జుట్టు."

కూర్మమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి పిల్లని ఎగాదిగా చూసింది. ఉతికిన చీర, నూనె రాసి దువ్విన తల. ఇలాంటి పిల్ల తల్లి వరండాలో ఎందుకుంటుంది అనుకుంది. ఆ అనుకోవడమే కొంప ముంచింది.

"అలాటోళ్ళు ఇక్కడ లేరమ్మా. వరండాలోవి దిక్కులేని కేసులు. విశాపట్నం పెద్దాసుపత్రిలో సూడు, ఎల్లు."

ఆ పిల్ల దణ్ణం పెట్టి మరీ వెళ్ళింది, పాపం.

ఆ మర్నాడే హేమ అనే చదువుకునే అమ్మాయి కాగితాలు పట్టుకుని వచ్చింది. ఇల్లూ వాకిలీ లేని రోగుల్ని ఆసుపత్రివాళ్ళు ఏ కంటితో చూస్తారో కొలుస్తారట. వేరే దేశాల్లో అడిగిన ప్రశ్నలనే తెలుగులోకి మార్చి తెచ్చింది. పూర్తిగా ఒప్పుకుంటే అయిదు, అసలు ఒప్పుకోకపోతే ఒకటి. హేమ చదువుతుంటే కూర్మమ్మ చెబుతోంది.

"వాళ్ళని మిగతా రోగులతో సమానంగా చూస్తాను."

"అయిదెయ్యమ్మా."

"వాళ్ళకి నా అన్నవాళ్ళు ఎవరూ ఉండరు."

"అదీ అయిదే. ఉంటే రోడ్డు మీదెందుకు పడతారు?"

"వాళ్ళని పేరు పెట్టి పిలుస్తాను."

కూర్మమ్మకి వాళ్ళలో ఒక్కరి పేరూ తెలీదు. అబద్ధమాడ్డానికి సిగ్గేసింది. "ఉండమ్మా, ఇప్పుడే వస్తాను" అని వరండాలోకి నడిచి, చాప పక్కన కూచుంది.

"ఏటమ్మా నీ పేరు?"

ఆవిడ కళ్ళు తెరిచింది. "దానమ్మ" అంది. కాస్సేపు ఊపిరి తీసుకుని, "సింతపల్లి. నా కూతురు జగ్గమ్మని పిలవండమ్మా" అంది.

అయ్యో, అయ్యో! నిన్న కూర్మమ్మ గుమ్మంలోంచే పంపేసిన పిల్ల! నర్సు ఝాన్సీకి ఆవిణ్ణి అప్పజెప్పి, కట్టుకున్న యూనిఫాం చీరతోనే చింతపల్లి బస్సెక్కింది. అక్కడ చూస్తే ఇంటికి తాళం. తల్లిని వెతకడానికి నిన్ననే విశాఖపట్నం పోయిందన్నారు పక్కింటివాళ్ళు. ఎవరు పొమ్మన్నారో వాళ్ళకి తెలీదు. వాళ్ళు ఫోన్లు చేసి చేసి, చివరికి ఎలాగో కబురందించారు.

సాయంత్రం కూర్మమ్మ తిరిగొచ్చేసరికి దానమ్మ మొహం మీద దుప్పటి కప్పేసి ఉంది.

"నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ గుమ్మం వైపే చూసింది కూర్మమ్మా. వస్తందా, వస్తందా అని అడుగుతూనే ఉంది" అంది ఝాన్సీ.

పొద్దున్నే జగ్గమ్మ వచ్చింది. దుప్పటి తీసి, తల్లి తల ఒళ్ళో పెట్టుకుని, గొంతు పోయేదాకా ఏడ్చింది. కూర్మమ్మ ఎదురుగానే నిలబడింది. తప్పించుకుపోవాలనిపించింది కానీ పోలేదు. "జుట్టు నేనే తీసినానమ్మా. నిన్ను ఎనక్కి పంపిందీ నేనే" అంది.

జగ్గమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండును. తలెత్తి ఒక్కటే అడిగింది.

"ఆ రోజు నన్ను లోపలికి రానిస్తే, మాయమ్మ నాతో మాటాడేదేటి?"

లేదని చెప్పమని వెనక నుంచి ఝాన్సీ సైగ చేసింది. కన్నవాళ్ళు పోయినవాళ్ళకి అలాంటి మాటలు కూర్మమ్మ కూడా ఎన్నోసార్లు చెప్పింది. ఈసారి నోరు రాలేదు.

"మాటాడేది తల్లీ" అంది. "నీ పేరే సెప్పింది."