ఏ క్లబ్బు పేరు రాయాలి

బస్సు డిపోలో బ్రేకులు బాగుచేసే ఆమెను అందరూ ఎడంచేతి మెకానిక్ అనే పిలుస్తారు. ముప్పై ఒకటో ఏట ఫెన్సింగ్ మొదలుపెట్టింది. ఎడంచేత్తో కత్తి పట్టేవాళ్ళు అరుదని పాత క్లబ్బు కోచ్ చేర్చుకున్నాడు గానీ, నాలుగేళ్ళపాటు మిగతా అమ్మాయిల సాధనకి దిష్టిబొమ్మలా నిలబెట్టాడు. పోటీ మాటెత్తితే వచ్చే ఏడాది చూద్దాంలే అనేవాడు.

కిందటేడు ఒకమ్మాయికి జ్వరమొస్తే, ఆ అమ్మాయి బదులు పోటీకి దిగి రెండో స్థానం తెచ్చుకుంది. అంతే, రాత్రికి రాత్రి బంగారుతల్లి అయిపోయింది. ఊళ్ళో కొత్తగా పెట్టిన క్లబ్బు మేనేజరయితే తమ తరఫున ఆడమంటూ డిపోకే వచ్చాడు. గ్రీజు వాసనకి ముక్కు మూసుకుని, పోస్టరులో ఆమెను ఫిజియోథెరపిస్టని వేయిస్తానన్నాడు. మెకానిక్ అంటే బాగోదట.

సీజనంతటికీ ఫారంలో ఒక్క క్లబ్బు పేరే రాయాలి. వాడి వాలకం చూశాక పాతదే నయమనుకుని సంతకానికి వెళ్ళింది. కోచ్ తలుపు దగ్గరికి వేసి, పుల్లతో పళ్ళు గెలుక్కుంటూ చెప్పాడు.

"కొత్త క్లబ్బు పిల్ల ఎదురుపడితే కాస్త తగ్గి ఆడమ్మా. మగపిల్లల పోటీల్లో వాళ్ళు మనకి తగ్గుతారు. మాట్లాడుకున్నాం."

"మరి నేను వాళ్ళ తరఫున ఆడితే, సార్?"

"అప్పుడు మన పిల్ల తగ్గుతుంది. పతకం నీకే."

పుల్ల పట్టుకున్న ఆ చేతిని చూసే ఆమె కత్తి పట్టడం నేర్చుకుంది. ఇప్పుడు దాన్ని చూస్తే ఒళ్ళు కంపరమెత్తింది. ఫారం లాక్కుని వచ్చేసింది.

ఆట మానెయ్యమంది అక్క. మానితే వాళ్ళకే హాయి అని, ఆమె క్లబ్బు పేరు గడిలో 'ఏ క్లబ్బూ లేదు' అని రాసింది. నిబంధనల్లో అందుకు వీలుంది. సాధనకి హాలు మాత్రం దొరకదు. డిపో వెనక షెడ్డులో అక్క చేతికి చీపురుకర్ర ఇచ్చి, ఎదురుగా నిలబెట్టి రెండు నెలలు ఆడింది.

క్వార్టర్ ఫైనల్లో కొత్త క్లబ్బు అమ్మాయే ఎదురుపడింది. పదిహేను, పద్నాలుగు. మెకానిక్ ఒక్క పాయింటుతో ఓడింది, నిజంగానే ఓడింది. ఆ అమ్మాయి చేయి చాపితే గట్టిగా పట్టుకుని ఊపింది. ఆ పిల్లకి ఏ ఒప్పందమూ తెలిసినట్టు లేదు. ఆయాసపడుతూ నవ్వుతోంది.

పాత కోచ్ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "చూశావా, ఎలాగూ ఓడావు. నా మాట వింటే నీదేం పోయేది?"

ఆమె కొళాయి దగ్గరికి వెళ్ళి, నోరు పుక్కిలించి ఉమ్మింది. అతనింకా వెనకే నిలబడి ఏదో చెబుతున్నాడు.