పాస్టరమ్మ చూడమన్న వెలుగు

ఆదివారం కాని రోజున మా చర్చి గంట మోగితే ఊళ్ళో చేతిలో పని ఆగిపోతుంది. ఆ పొద్దున నేను కందులు చెరుగుతున్నాను. గంట ఆగగానే మైకులో పాస్టరయ్య గొంతు వినిపించింది. అమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్ళారని చెప్పి, ఇంకేదో చెప్పబోయారు. మైకు కట్టేశారు. ఆయన భార్యను, మా పాస్టరమ్మను, నరసరావుపేట ఆసుపత్రి నుంచి మధ్యాహ్నానికి తెచ్చారు. సాయంత్రానికి మట్టి చేశాము.

ఆ వారంలోనే ఆమెను తలుచుకోవడానికి చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. సంఘపెద్ద లేచి, ఆమె చాలా మంచిదే కానీ మెతక మనిషి అన్నాడు. పాత అలవాట్లు మాన్పించకుండా కొందరిని సగం చీకట్లోనే వదిలేసిందంటూ నా వైపు చూశాడు. నేను లేచాను. టైము లేదు, కూర్చోమన్నారు. నాది వేలిముద్ర. అందుకే ఇది చెప్పి రాయిస్తున్నాను. ఆమె నన్ను ఎక్కడ వదిలేసిందో చదివిన మీరే చెప్పండి.

ఆయన అన్న పాత అలవాటు ఇది. పొద్దుగూకి ఇంట్లో లైటు వేయగానే నా చేతులు వాటంతటవే కలుస్తాయి. స్విచ్చి తాకిన వేళ్ళు కళ్ళకద్దుకుంటాను. మా అమ్మ కిరసనాయిలు బుడ్డికి పెట్టిన దణ్ణం నేను బల్బుకు పెట్టాను. కోటప్పకొండ తిరనాళ్ళకు దీపాల ప్రభ కట్టే ఇంట పుట్టినదాన్ని. వెలుగును చూసి ఊరికే ఉండటం నాకు చేతకాదు. తర్వాత బాప్తిస్మం తీసుకున్నాను గానీ, ఆ సంగతి నా చేతులకు తెలియలేదు.

ఒకసారి సంఘపెద్ద చర్చికి ఇచ్చే పిడికెడు బియ్యం కోసం మా ఇంటికొచ్చి అది కళ్ళారా చూశాడు. బల్బుకు మొక్కేదానికి ప్రభు బల్లలో చోటు లేదని తేల్చాడు. నాకిక రొట్టె, ద్రాక్షారసం అందవన్నమాట. భర్త పోయాక నలుగురితో కూర్చుని తినే బంతి నాకు మిగిలింది అదొక్కటే. అదీ పోతుందంటే ఊరుకుంటానా. పాస్టరమ్మ దగ్గరికి పోయి నిలదీశాను.

"దేవుడు వెలుగని నువ్వే చెప్తివి. వెలుక్కి దణ్ణం పెడితే తప్పెట్టా అయింది? తెలిస్తే చెప్పు, తెలవకపోతే తెలవదని చెప్పు."

"తెలవదక్కా. చూద్దాం" అంది.

ఆమె ఎవరికైనా చెప్పే మొదటి మాట అదే. బైబిలు వాక్యం అంతా కంఠతా వచ్చిన మనిషి, అడగ్గానే జవాబు చెప్పేది కాదు. ఏ ఇంటికి వచ్చినా ముందు మంచినీళ్ళు అడిగి తాగేది. తర్వాత కూర గిన్నె మూత తీసి చూసేది. అందులో ఏముందో చూస్తే ఆ ఇంటికి ఏం ప్రార్థన చెయ్యాలో తెలుస్తుందనేది. నేను ఎన్నోసార్లు మూత మీద చెయ్యి వేసి ఆపాను. ఆగేది కాదు.

రొట్టె పంచే సంస్కారపు ఆదివారం వచ్చింది. ముందు చాప మీద ఉండాల్సిన పాస్టరమ్మ వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. సంఘపెద్ద రొట్టె పళ్ళెం నన్ను దాటించి ఆమె ముందు పెట్టాడు. ఆమె తీసుకోలేదు. "మా అక్క తిన్నాక తింటా" అంది, పెళ్ళిలో బంతిన కూర్చున్నట్టు. చివరికి పాస్టరయ్యే కిందికి దిగి వచ్చి పళ్ళెం నా ముందుకు జరిపారు.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. నేను లైటు వేశాను, చేతులు కలిశాయి. సిగ్గుతో దించబోయాను.

"పెట్టుకో అక్కా. చేతులు దించినాక మాత్రం, ఆ వెలుగు ఏడదాకా పోద్దో చూడు."

ఇదేం పరీక్ష అనుకుంటూనే చూశాను. వెలుగు ట్రంకుపెట్టె దాటింది, కిటికీ దాటింది, సందులో పడింది. సందు సంగతి ఇక్కడ చెప్పాలి. ఎన్నికల గొడవల్లో నా భర్తను చంపారు. ఎదురింటాయన ఆ కేసులో జైలుకు పోయి అక్కడే జబ్బుచేసి చనిపోయాడు. అతని భార్య మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి పోయి, పొద్దుగూకినాక వస్తుంది. సందులో వీధిలైటు లేదు. నా వెలుతురులో ఆ ఇంటి మనిషి నడవకూడదని ఏళ్ళ తరబడి నేను వసారా లైటు వేయలేదు. అది తప్పని ఇప్పటికీ అనను. మీ మనిషిని చాపలో చుట్టి ఇంటికి తెస్తే అప్పుడు మాట్లాడండి.

ఆ సాయంత్రం కిటికీ ఊచల్లోంచి చాపంత వెలుతురు సందులో పడి ఉంది. ఎదురింటి ఆమె చీకట్లో అడుగు అడుగూ తడుముకుంటూ వచ్చి ఆ వెలుతురులో ఆగింది. ముందున్న రాయిని చూసుకుంది. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని రాయి దాటి పోయింది. నేను దణ్ణం పెట్టిన వెలుగే ఆమె పాదాల మీద పడింది. నన్ను అడిగి పడలేదు.

పాస్టరమ్మ మంచినీళ్ళు తాగింది. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

నాకు నిద్ర పట్టలేదు. లోపలి చీకటిని అంత జాగ్రత్తగా తలుపులేసి దాచుకున్నాను కదా, వెలుగు ఏ సందున దూరింది? మర్నాడే పోయి అడిగాను.

"మనం తలుపు తీశామని రాదక్కా. అది వచ్చింది గనకనే మనం తీస్తాం" అంది.

సగమే అర్థమైంది. ఆ సగంతోనే వసారాకు కొత్త బల్బు పెట్టించాను. బయటి గోడకు స్విచ్చి. రోజూ పొద్దుగూకగానే వేస్తాను. క్షమించానని కాదు, ఆ మాట నా నోట ఇంకా రాలేదు. ఎదురింటి ఆమె నాతో ఒక్క మాటా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. దారి మాత్రం కనబడుతోంది.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు పాస్టరమ్మ మొహం పీక్కుపోయింది. ఎప్పటినుంచో మనసులో ఉన్నది అడిగాను. మా పుట్టింటి వైపు శవం తల దగ్గర దీపం పెడతారు. ప్రభువును సమాధిలో పెట్టినప్పుడు ఆయన తల దగ్గర దీపం ఎవరు పెట్టారని.

అంత నొప్పిలోనూ ఆమెకు నవ్వొచ్చింది. "ఇన్నేళ్ళలో నన్ను ఇది ఎవరూ అడగలేదక్కా. ఎవరూ పెట్టలేదు. రాయి అడ్డం పెట్టి మూసేసి పోయారు. వాళ్ళు చీకట్లో ఇంటికి పోయారు, వెలుగు లోపలే ఉంది."

మట్టి చేసిన రోజు సంగతి ఒకటి సంఘపెద్దకు తెలియదు. అందరూ పోయినా నేను సమాధి దగ్గరే కూర్చున్నాను. లేచేసరికి పొద్దుగూకింది. మధ్యాహ్నం ఎండలో ఇంటి నుంచి వచ్చినదాన్ని, లైటు వేసి రాలేదు. నా ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. సందంతా చీకటిగా ఉంటుందనుకుంటూ మలుపు తిరిగాను. నా వసారా లైటు వెలుగుతోంది.

మెట్లెక్కి, అలవాటు కొద్దీ స్విచ్చి తాకాను. చేతులు కలిశాయి. వేళ్ళు కళ్ళకద్దుకున్నాను. కళ్ళు భగ్గున మండాయి. స్విచ్చికి అంటిన మిరపకాయ ఘాటు.

నీళ్ళు కారుతున్న కళ్ళతోనే వెనక్కి తిరిగి, ఆ వెలుగు ఎక్కడిదాకా పోయిందో చూశాను. సందు దాటి ఎదురింటి గడప దాకా పోయింది. గడప పక్కన అప్పుడే విడిచిన రెండు చెప్పులున్నాయి.