తీర్పులో చనిపోయినవాడు

నజ్మీ చనిపోయాడని ఖాజీ తీర్పు ఇచ్చేనాటికి అతను సర్కారు చెరలో, ఒక నేలమాళిగలో బతికే ఉన్నాడు. ఊరంతా మసీదులో చేరి శవం లేకుండానే అతనికి జనాజా నమాజు చదివింది. గడువు తీరాక భార్య మరొకరిని నిఖా చేసుకుంది. చెర వదిలి తిరిగొచ్చినప్పటి నుంచి నజ్మీ రోజువారీ నమాజుకు రాడు. ఎవరైనా పోతే మాత్రం వచ్చి జనాజాలో చివరి వరుసలో నిలబడతాడు. ఆ నమాజులో నేలకు తల ఆనించే పని లేదు. అందుకే కాబోలు, ఏళ్ల తరబడి నమాజులతో నుదుటి మీద పడ్డ నల్లమచ్చ మెల్లగా మాసిపోయింది. ఎవరైనా సలాం చేస్తే పెదవులు కదుపుతాడు, జవాబు మాత్రం వినిపించదు. గోరీల దగ్గర 'మీకు సలాం, మీ వెనకే మేమూ వస్తాం' అని మేం చెబితే, చనిపోయినవాళ్ల జవాబూ అంతేనంటారు. మా అలెప్పో సందులోని కాఫీ కొట్టులో ఒకరోజు చెప్పులు కుట్టే క్రైస్తవుడు జుర్జీ అతన్ని కొడుకు పేరుతో పిలుస్తూ ఆట పట్టించాడు.

"మీకు తుమ్మినా దగ్గినా చట్టమేనయ్యా, అబూ రషాద్! మా చర్చిలో అయితే నీ పెళ్లాం నీకే ఉండేది."

నజ్మీ చల్లారిన కాఫీలోకి చూస్తూ అన్నాడు. "చట్టాన్ని ఏమీ అనకు. మనిషి తిరిగొస్తే తీర్పు కొట్టెయ్యమనే చెప్పింది. కొట్టెయ్యాలంటే ఇన్నాళ్లూ ఎక్కడున్నానో రాయాలట. అలాంటి జైలే లేదంటోంది సర్కారు. పాపం, ఖాజీకి పిల్లలున్నారు."

జుర్జీ అతని చల్లారిన కప్పు పక్కకు జరిపి, వేడి కాఫీ తెమ్మని కేకేశాడు.

పోయిన శుక్రవారం మసీదు మెట్ల మీద నేను సర్కారును నోరారా తిట్టి, పక్కన కనబడ్డ నజ్మీకి సలాం చేశాను. అతను దగ్గరికొచ్చి నా భుజం తట్టాడు. చెయ్యి చల్లగా ఉంది.

"సగమే చేశావు బాబూ. మాలాంటి వాళ్లకి సలాం చేసి, 'మీ వెనకే మేమూ వస్తాం' అని కూడా అనాలి."