నన్ను చంపిన దోస్తులు, నా కొత్త హెడ్‌ఫోన్స్

మొన్న సాయంత్రం నన్ను మా దోస్తులే కాల్చి చంపిండ్రు! కంప్యూటర్ గేమ్‌లనే అనుకోండ్రి, గని చంపుడు చంపుడే గద. అదీ ఎదుటోళ్లు కాదు, నా టీమోళ్లు. ఒకడు ముందటికెళ్లి, ఒకడు వెనకకెళ్లి. అప్పటిసంది వాళ్లకు ఎన్ని దండాలు పెట్టినా తక్వనే అనిపిస్తాంది. చంపినోళ్లకు దండాలేంది అంటరా? జర చాయ్ పోసుకోండ్రి, మొదటికెళ్లి చెప్త.

మాది నల్లగొండల కిరాయి ఇల్లు. ఇంట్ల నేను, నా భార్య స్వప్న, మా అమ్మ. స్వప్న దవాఖానల నర్సు. నేను ఇంట్లనే కూసొని పెండ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్త. నడిమి అర్రల ఒక పాత కంప్యూటర్ ఉంది. పొద్దంత దాంట్ల పెండ్లిపిల్లల మొకాలు తెల్లగ చేసుడు, పాటలు వినుడు. సాయంత్రమైతే గేమ్.

గేమ్ అంటే ఒక్కన్నే ఆడ. కాలేజీల సదివినప్పటి దోస్తులు ఇద్దరున్నరు. షకీల్ పాలమూరుల ఉంటడు, శ్రీను భువనగిరిల ఉంటడు. ఎవని నౌకరి వానిది. కలుసుకునుడు పెండ్లిలకు, చావులకే అయింది. అందుకే రోజూ సాయంత్రం ఆన్‌లైన్ల కలుస్తం. గేమ్‌లనే కాల్ నడుస్తది. ముచ్చట పెట్టుకుంట తుపాకులు కాలుస్తం.

కాలుస్తె కాలుస్తిమి, స్పీకర్లల కాలుస్తిమి! ఒకనాడు పైనుండే ఓనరమ్మ దిగొచ్చింది. "ఏంది నరేషూ, దీపావళి ఇంకా మస్తు దూరముంది గద?" అన్నది. మా అమ్మకైతే ఇంకో బాధ. "నా సీరియల్‌ల వాళ్లు ఏడుస్తరు, నీ కాడ బాంబులు పడతయి. ఎవరు సచ్చిండ్రో, ఎందుకు ఏడుస్తున్నరో తెలుస్తలేదు రా! జర ఆ చెవులకు పెట్టుకునేది తెచ్చుకోరాదు?" అన్నది.

అమ్మ మాట్లాడితే నేను కాదు, మా గల్లీ మొత్తం వింటది. పానగల్ అవతల గొర్లు కాసుకునే ఇంట్ల పుట్టింది. గుట్ట కింద నిలబడి పిలిస్తె పైన మేసేటి గొర్లు తలకాయ లేపేటియంట. "అత్తమ్మకు ఫోన్ ఎందుకు, కిటికి తెరిస్తె సాలు" అని స్వప్న నవ్వుతది. ఈ గొంతు సంగతి యాదుంచుకోండ్రి.

ఇగ షురువైంది నా పరిశోధన. ఒక వీడియో చూస్తె ఇంకో నాలుగు తోసుకొస్తయి. గేమ్‌కైతే ఎవని అడుగుల సప్పుడు ఏ దిక్కుకెళ్లి వస్తాందో తెల్వాలె. పాటకైతే డప్పు దెబ్బ గుండెల పడాలె. గేమ్‌కు మంచిదైతే పాట చప్పగుంటది. పాటకు మంచిదైతే మైక్ ఉండది. రెండూ బాగుంటె ధర చూసి కండ్లు తిరుగుతయి. వైర్ లేనిది తీసుకుంటె సప్పుడు జర లేటుగ వస్తదట, అంటే నేను సచ్చినంక తుపాకి వినబడుతదన్నమాట! కొన్నిటికి రంగురంగుల లైట్లు. నెత్తిమీద లైట్లు నాకెట్ల కనబడతయి? అవి ఎవరి కోసం పెట్టిండ్రో ఆ కంపెనీ వాళ్లకే తెల్వాలె.

తిండి కాడ గూడ ఇదే ముచ్చట. స్వప్నకు బేజారొచ్చింది. "నన్ను చూడనీకి వచ్చినప్పుడు గూడ గింత సేపు చూడలే గద నువ్వు!" అన్నది.

ఆఖరికి గడియారం సెంటర్ కాడి ఒక దుకాణంకు పోయిన. వైర్‌ది, చెవి మొత్తం కప్పేటిది, మెత్తటి దిండ్లు, ముందటికి వంగిన మైక్. ధర గూడ మా ఇంట్ల లొల్లి కానంతే. దుకాణం తమ్ముడు పిన్ను తీసి వాని ఫోన్‌కే పెట్టి ఒక డప్పు పాట పెట్టిండు. ఏమన్న వినబడ్డదా! ఏ కర్ర ఎట్ల పడుతాందో తెలుస్తాంది. దుకాణంల ఉన్నది మర్సిపోయి నేను ఊగుతున్న.

గని బయటి సప్పుడు ఎంత ఆగుతదో చూడాలె గద? "తమ్మీ, నా వెనకకు పోయి నన్ను తిట్టు" అన్న.

"సార్?"

"తిట్టవయ్యా, గట్టిగ తిట్టు. వినబడొద్దు. వినబడితే తీసుకోను."

వాడు మొదట సిగ్గువడ్డడు. వెనకకు పోయినంక మరి ఎప్పటి కోపముండెనో! ముందటి అద్దాల బీరువల నాకు అంత కనబడుతాంది. చేతులు ఊపుతున్నడు, నోరు ఇంత పెద్దగ తెరుస్తున్నడు. బేరం చేయనీకి వచ్చిన ఒక ముసలాయన కడుపు పట్టుకొని కూలబడి నవ్వుతున్నడు. నాకు ఒక్క ముక్క వినబడితే ఒట్టు! తీసి, "ఏం తిట్టినవ్ తమ్మీ?" అంటే, "వద్దు సార్, మీరు కొనుక్కొని పోండ్రి" అన్నడు. ఖుషీగ కొనుక్కొని వచ్చిన.

ఇంటికొచ్చి కంప్యూటర్ వెనక చూస్తె రెండు తొర్రలు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి గులాబిది. నా వైర్‌కేమో ఒక్కటే పిన్ను. ఇన్ని వీడియోలు చూసిన గని, నా కంప్యూటర్‌కు వెనక ఎన్ని తొర్రలున్నయో ఒక్కసారి చూడలే. ఏదో ఒకటి అని ఆకుపచ్చ దాంట్ల గుచ్చిన. సప్పుడు దంచి కొట్టింది. గులాబిది మైక్‌దట, అది ఖాళీగనే ఉంది. అంటే నా మూతి ముందటి మైక్ ఉత్త బొమ్మ! మరి నా మాట దోస్తులకు ఎట్ల పోయిందంటే, కరోనా అప్పుడు మానిటర్ మీద పెట్టిన పాత కెమెరాకు ఒక మైక్ ఉంది. అది పోయింది. అది నా ఒక్కని మాటే కాదు, అర్రల సప్పుడంత అందుకుంటది. ఇదంత నాకు తర్వాత తెల్సింది. ఆ రోజైతే ఆ బొమ్మ మైక్‌ను మూతికాడికి సర్దుకొని, "ఎట్లుంది రా నా కొత్త మైక్?" అని అడిగిన.

"ఏక్ నంబర్ మామా!" అన్నడు షకీల్. ఇద్దరూ పడి పడి నవ్విండ్రు. నా సంతోషం చూసి నవ్వుతున్నరు అనుకున్న.

తర్వాత కొన్ని విచిత్రాలు జరిగినయి. ఆట నడుమ షకీల్ గాడు, "ఈ రోజు బెండకాయనా మామా?" అన్నడు. "నీకెట్ల తెల్సు రా?" అంటే, "పాలమూరు దాకా వాసనొస్తాంది" అన్నడు. నేను నమ్మలే, గని ఆలోచించ గూడ లేదు. ఆట మీదున్న.

ఇగ మొన్నటి సంగతి. ముసురు పట్టి వాన ఇడుస్తలేదు. స్వప్నకు సాయంత్రం డ్యూటీ. గొడుగు తీసుకొని పోతుంటె గడప కాడ ఆగి, "అత్తమ్మ షుగర్ సూది ఏసుకున్నంక జల్ది అన్నం తినాలె. లేటయితే షుగర్ పడిపోయి మనిషి పడిపోతది. నువ్వు కంప్యూటర్ల పడి మర్సిపోకు" అన్నది.

"నేనుండంగ నీకు ఫికర్ ఎందుకు?" అన్న. అని, చెవులకు పెట్టుకున్న!

అమ్మ సూది ఏసుకున్నది. కాళ్లు, మొకం కడుక్కోనిదే అమ్మ అన్నం ముందట కూసోదు. బాత్‌రూంలకు పోయి గొళ్లెం పెట్టుకున్నది. వానకు తలుపు ఉబ్బి ఉంది. కడుక్కొని బయటికి రాబోతే గొళ్లెం జరగదు, తలుపు కదలదు. బాత్‌రూం వెంటిలేటర్ మా నడిమి అర్రలకే ఉంటది, సరిగ్గ కంప్యూటర్ మీదికి. అమ్మ పిలిచింది. ఆ గుట్ట ఎక్కే గొంతుతోని పిలిచింది. కింద కూసున్న కొడుకు తలకాయ లేపలే.

నాకేమో ఆ రోజు ఆట మస్తు మీదుంది. అందరు సచ్చి మేము ముగ్గురం, అవతల ఒక టీము మిగిలినం. ఎవని అడుగుల సప్పుడు వస్తదో వినాలె, వీళ్ల లొల్లి ఎందుకని ఇద్దరి గొంతులు మ్యూట్ చేసిన. ఫోన్ పక్క అర్రల చార్జింగ్‌ల ఉంది. అది మోగుతనే ఉందంట!

నేను కిటికి కాడ తుపాకి పట్టుకొని కాపు కాస్తున్న. శ్రీను గాడు సరిగ్గ నా ముందటికొచ్చి ఎగురుడు పెట్టిండు. "పక్కకు జరుగురా!" అంటున్న. జరగడు! షకీల్ గాడు తుపాకి కింద పడేసి నా చుట్టు గిరగిర తిరుగుతున్నడు. వీళ్లకు ఏమైంది, తాగిండ్రా అనుకున్న. అంతల షకీల్ పడేసిన తుపాకి మళ్ల తీసిండు. నా దిక్కే చూసిండు. ధన్! వెనకకెళ్లి శ్రీను, ధన్ ధన్! మా గేమ్‌ల సొంతోళ్ల తూటా గూడ తాకుతది. నా తెర ఎర్రగైపాయె. గెలిచే ఆట!

కోపం నెత్తికెక్కింది. హెడ్‌ఫోన్స్ పీకి టేబుల్ మీద కొట్టిన.

అప్పుడు వినబడ్డది.

"షకీలూ... ఓ షకీలూ! మా మొద్దుకు చెప్పు బిడ్డా..."

అమ్మ పిలుస్తాంది. పిలిచేది నా పేరు కాదు. ఆ గొంతు సన్నగైపోయింది, ఆగి ఆగి వస్తాంది. స్వప్న చెప్పి పోయిన మాట అప్పుడు యాదికొచ్చింది.

ఎట్ల ఉరికిన్నో తెల్వది. భుజంతోని గుద్దుతె గొళ్లెం ఊడి, తలుపు తెరుచుకొని, నేను పోయి బకీటుల పడ్డ. అమ్మ పీట మీద కూసొని ఉంది. మొకం నిండ చెమట, చేతులు వణుకుతున్నయి. వంటింట్లకు ఉరికి డబ్బ తెచ్చి చెంచతోని నోట్లె పోసిన. అమ్మ నాలికకు తాకంగనే మొకం అదోతీరుగ పెట్టింది.

"ఇది ఉప్పు రా..."

మళ్ల ఉరికి చక్కెర తెచ్చిన. నీళ్లల కలిపి తాపిన. మెల్లగ వణుకుడు తగ్గింది. అన్నం కలిపి నేనే తినిపిచ్చిన, నాలుగు బుక్కలు పోయినంక మనిషి తేటగైంది. నాకు ఏడుపొచ్చింది, ఏం దాచుకోలే.

తేరుకున్నంక అమ్మ అన్న మొదటి మాట: "ముందు షకీల్‌కు చెప్పు రా, నేను బయటికొచ్చిన అని. పోరడు పరేషాన్ అయితుండొచ్చు."

"అసలు షకీల్‌ను ఎందుకు పిలిచినవే అమ్మా? నేను గీడనే ఉంటి గద!"

"పిలిచిన. నీ పేరు పెట్టి గొంతు పోయేదాక పిలిచిన. నువ్వు పలకవు. వాడైతే పలుకుతడని వాన్ని పిలిచిన."

కథ గిట్ల బయటపడ్డది. కొత్తది కొన్న రెండో రోజో మూడో రోజో, ఆట నడుమ నేను పాలకు పోయిననట. అమ్మ అటు పోవుకుంట, "ఎప్పుడు చూడు ఆ టోపి పెట్టుకొని కూసుంటడు" అని నన్ను తిట్టుకున్నదట. టేబుల్ మీది హెడ్‌ఫోన్స్‌లకెళ్లి నవ్వు వినబడ్డదట! ఎత్తి చెవికి పెట్టుకుంటె, "అమ్మా, నేను షకీల్‌ను! ఇంకా తిట్టు, మాకు మంచిగ వినబడుతాంది" అన్నడట. ఇగ నేను లేసినప్పుడల్ల ముచ్చట్లే. ఏం కూర, ఎవరికి జరం, అన్నీ. "నరేషుకు చెప్పకుండ్రి బిడ్డా, వాడు బంద్ పెడతడు" అని ఒట్టు గూడ తీసుకున్నదట.

స్వప్న ఆటోల ఉరికొచ్చింది. శ్రీను ఫోన్ చేసి చెప్పిండట. అమ్మ వేలు గుచ్చి షుగర్ చూసి, గోడకు ఆనుకొని ఊపిరి ఇడిచింది. తడి బట్టలతోని, కాళ్ల కాడ ఉప్పు డబ్బతోని నిలబడ్డ నన్ను కిందికెళ్లి మీదికి చూసింది. "నువ్వుండంగ నాకు ఫికర్ ఎందుకు" అన్నది. అంతే. నాకు దుకాణం తమ్ముని తిట్లే నయమనిపించినయి.

షకీల్‌కు ఫోన్ చేస్తె, వాడు అప్పటికే బైక్ తీసి సగం గల్లీ దాటిండట. పాలమూరుకెళ్లి నల్లగొండకు, ఆ వానల! "నువ్వొచ్చేసరికి తెల్లారుతది గదరా" అన్న.

"తెలుసు మామా. కూసోబుద్ధి కాలే. రోజూ తిన్నవా బిడ్డా అని నన్ను అడిగేది అమ్మ ఒక్కతే."

కాలేజీల ఉన్నప్పుడు వాడు మా ఇంట్ల తిన్న అన్నానికి లెక్క లేదు. వాళ్ల అమ్మీ పోయి చానా ఏండ్లయింది. "నీకు పుణ్యముంటది రా" అన్న. శ్రీనుకు గూడ గదే చెప్పిన. నన్ను కాల్చిన ఆ తూటాలు లేకపోతే ఆ సాయంత్రం ఏమయ్యేదో!

తెల్లారి పోయి మిస్త్రీని తోలుకొచ్చి తలుపు గీకిపిచ్చిన. గొళ్లెం లోపలిది పీకేసి బయటికే పెట్టిచ్చిన. ఒక్క పిన్నును రెండు చేసే వైర్ గూడ కొనుక్కొచ్చి గులాబి తొర్రల పెట్టిన. నా మైక్ మొదటిసారి పని చేసింది. "ఇప్పుడు ఎట్లుంది రా?" అన్న.

"నీ గొంతు మంచిగనే వస్తాంది మామా" అన్నడు షకీల్. "గని అమ్మ వినబడతలేదు. తీసెయ్."

"అవును, తీసెయ్ రా. నీ ముచ్చట ఎవనికి గావాలె?" అన్నడు శ్రీను.

తీసేసిన! ఇన్ని వీడియోలు చూసి, తిట్టిచ్చుకొని తెచ్చుకున్న హెడ్‌ఫోన్స్‌ను ఇప్పుడు ఒక చెవికే పెట్టుకుంట. ఇంకో చెవి ఇంటికి. అయినా అమ్మకు నామీద నమ్మకం కుదురలే. నిన్న సాయంత్రం చూడండ్రి. నేను కుర్చీలనే ఉన్న, అమ్మ నా పక్కనే నిలబడ్డది. నా దిక్కు చూడను గూడ చూడలే. వంగి కెమెరాల మొకం పెట్టి, "షకీలూ, పాలు అయిపోయినయని మావోనికి జర చెప్పు బిడ్డా" అన్నది.

వాడు పాలమూరుకెళ్లి నాకు చెప్పిండు. నేను లేసి పోయి పాలు తెచ్చిన.