మా బౌలర్ అన్న కుడి భుజం

ఇందుమూలముగా ఘాలా లేబర్ క్యాంపు రెండో బ్లాకు నివాసులకు ప్రకటించడమేమనగా: శుక్రవారం పొద్దున క్యూతో పని లేకుండా స్నానాల గదిలోకి వెళ్లే హక్కు ఇకపై ఎవరికీ లేదు. ఆ హక్కు ఉన్న ఒక్క మనిషీ మొన్న మంగళవారం పోయాడు. సైటులో మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తూ పక్కకు ఒరిగాడు. గుండె అన్నారు.

ఆయన మా కంపెనీ టీమ్ బౌలరు. జగిత్యాల పక్క మనిషి. మా అందరికీ బౌలర్ అన్నే. ఈ అరబ్బు దేశానికి వచ్చింది మాత్రం హెల్పరు వీసా మీద. పగిలిన సిమెంటు బ్లాకు ముక్కల్ని దూరం నుంచి డ్రమ్ములోకి గురి తప్పకుండా విసురుతుంటే ఇంజనీరు చూశాడు. తిడతాడనుకున్నాం. "కల్ గ్రౌండ్ పే ఆవో," అన్నాడు. మర్నాడు కంకర గ్రౌండులో ముగ్గురి వికెట్లు లేపేశాడు.

అప్పటి నుంచి గురువారాలు ఆయనకు తేలిక డ్యూటీ. బరువు మోయకూడదు, శుక్రవారం మ్యాచ్‌కి భుజం కాపాడుకోవాలి. ఆయన వాటా బస్తాలు మేం మోసేవాళ్లం. అందుకు మాకంటే ఆయనే ఎక్కువ నలిగిపోయేవాడు. అడక్కుండానే చాయ్ తెచ్చేవాడు, మా బూట్లు నీడకు జరిపేవాడు.

ఆటలో మాత్రం ఆ బెరుకు ఉండేది కాదు. సిక్సర్ తిన్నా ముఖం మారదు. నేను ఊరుకుంటానా?

"అన్నా, బంతి పోయి పక్కూరు మవాలేల దిగిందట. టాక్సీ పిలవాల్నా?"

"పిలువురా. నువ్వు గూడ అండ్ల ఎక్కి పో, జర పీడ పోతది." తర్వాత మెల్లగా, "బంతి చేతుల ఉన్నంతసేపే మనది. ఇడిశినంక తిట్టి లాభం లేదు," అనేవాడు.

ఒక ఏడు ఇంకో పెద్ద కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ట్రయల్‌లో నెగ్గితే ఆఫీసు వీసా, పొద్దున కాసేపు ఫైళ్లు, ఆపైన ప్రాక్టీసు. అంటే బంతి వేసినందుకే జీతం. అప్పటికే ముప్పై దాటాయి. ఇంకో పిలుపు రాదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

ట్రయల్‌కి ముందురోజు, గురువారం, ప్లాస్టరు లోడు దిగింది. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్ల మీద మోస్తున్నాం. అప్పుడు ఒక స్టీల్ ఫిట్టరు, నోటిదురద మనిషి, తర్వాత దేశం వెళ్లిపోయాడు లెండి, అందరి ముందూ అన్నాడు: "మేం మోస్తం తియ్. నువ్వు భుజానికి నలుగు పెట్టుకొని కూసో, పెండ్లికొడుకా!"

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. లేచి, బస్తా కుడి భుజానికెత్తుకున్నాడు. సాయంత్రం దాకా దించలేదు.

మర్నాడు రెండో ఓవర్లో భుజం జారింది. బంతి ఆయన కాళ్ల దగ్గరే పడింది.

నాకింకా కోపమే. "రేపు ట్రయల్ ఉంది, మొయ్య" అనడానికి ఆ మనిషికి నోరు లేదా? నవ్విన వాళ్లలో ఒక్కడైనా ఆ బస్తా లాక్కోవద్దా? మరుసటి వారమే తేలిక డ్యూటీ పీకేసిన కంపెనీని ఏమనాలి? నాలుగు రోజులుగా ఒక్కొక్కరినీ తిడుతున్నాను.

ఆ తర్వాత ఆయన అంపైరయ్యాడు. మ్యాచ్ రోజని మేమిచ్చిన స్నానాల గది హక్కు మాత్రం అలాగే ఉంచాం. సిక్సర్‌కి రెండు చేతులూ ఎత్తాలి, ఈయనకు ఎడమ చెయ్యే లేచేది. "సగమే లేచింది, మూడు పరుగులు రాయండి!" అని అరిచేవాణ్ణి. పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

క్యాంపు వాళ్లు నన్నే రాయమన్నారు, నవ్విస్తానని. రాశాను. కానీ ఇందులో స్టీల్ ఫిట్టరు మాత్రం అబద్ధం. అలాంటివాడు మా సైటులో ఎన్నడూ లేడు. ఆ మాట అన్నది నేను. మెట్ల మొదటి మలుపులో అన్న ఆగి, బస్తా కింద నుంచి మెడ తిప్పి, "ఎట్లున్నడురా పెండ్లికొడుకు?" అని నన్నే అడిగాడు. చెమట పట్టిన మెడంతా ప్లాస్టరు పొడి. నేను కింద నిలబడి ఈల వేశాను.