లిఫ్టన్నయ్య జేబు మీది పిన్ను

మా పై వాటాలో ఉండే ఆయన్ని వీధంతా లిఫ్టన్నయ్య అనే పిలుస్తుంది. ఓ పెద్ద హోటల్లో ఇరవై ఆరేళ్లుగా లిఫ్టు నడుపుతున్నాడు. అక్కడ బస చేసేవాళ్లు వెళ్లేటప్పుడు తమ ఊరి గుర్తుగా చొక్కాకి గుచ్చుకునే చిన్న పిన్నొకటి ఆయన చేతిలో పెట్టేవారు. వంతెన, చేప, ఓడ, గడియారం, ఇలా నూటికి పైనే పోగయ్యాయి. పాత దిండు గలీబుకి వాటిని గుచ్చి, గోడకి మేకు కొట్టి తగిలించాడు. వెనక బిగించే బిళ్లలు పోయినవాటికి మనవరాలి రబ్బరు కోసి ముక్కలు పెట్టాడు.

రోజుకొకటి జేబు మీద పెట్టుకుని డ్యూటీకి బయల్దేరేవాడు. మెట్ల మీద నేను ఇవాళ్టిదేమిటని అడగాలి, ఆయన దాని కథ చెప్పాలి. అది వినకపోతే నాకు అన్నం సహించదు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. మా ఆడపడుచు కొడుక్కి ఈ పిన్నుల సంగతి చెప్పాను. వాడు పాత వస్తువులు కొనే పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. సుత్తి అడిగే వంకతో నేనూ పైకి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. రబ్బరు ముక్కలు చూసి ఆ పెద్దమనిషి ఆముదం తాగినట్టు మొహం పెట్టాడు. చివరికి నీలం రంగు లైట్‌హౌసు పిన్ను దగ్గర ఆగి, ఇలాంటివి దొరకవన్నాడు. మిగతావాటిక్కూడా ఇకమీదట గీత పడకూడదనీ, అన్నీ డబ్బాలో దాచితే పదేళ్లకి మంచి ధర వస్తుందనీ చెప్పాడు.

"పదేళ్లూ వాటిని ఎవరు చూస్తారండీ?" అన్నాడు అన్నయ్య.

"ఎవరూ చూడకూడదు. అందుకేగా ధర."

వదిన ఆ సాయంత్రమే డబ్బా తెచ్చి, దూది పరిచి, అన్నీ సర్ది బీరువాకి తాళం వేసింది.

పది రోజులు అన్నయ్య ఖాళీ జేబుతోనే వెళ్లాడు. నేను పలకరిస్తే "ఏం లేదమ్మా" అంటూ దిగిపోయేవాడు. లిఫ్టెక్కినవాళ్లు ఇదివరకు పిన్ను చూసే మాట కలిపేవారట. ఇప్పుడు ఎన్నో అంతస్తో చెప్పి ఊరుకుంటున్నారట. ఇంట్లోనూ ఆ ఉత్త మేకు వంకే చూస్తూ అన్నం తింటున్నాడని వదిన చెప్పింది.

పదకొండో రోజు పొద్దున నేనే పైకి వెళ్లి, నావల్లే ఇదంతా జరిగిందని వదిన దగ్గర ఒప్పుకున్నాను.

"చెప్పింది నువ్వైతే తాళం వేసింది నేను, వదినా," అంటూ ఆవిడ బీరువా తెరిచింది. అన్నయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. లైట్‌హౌసు పిన్ను తీసి ఆయన జేబుకి గుచ్చబోయింది.

"ఇది వద్దే. ఖరీదైంది ఇదేగా."

"అందుకే ఇది. ముందు దీనికే గీత పడిందనుకోండి, మిగతావాటి మీద నాకూ ఆశ చస్తుంది. కదలకండి."

ఆయన కదల్లేదు. ఆవిడ చెయ్యి తీశాక జేబు వంక ఓసారి చూసుకుని నావైపు తిరిగాడు. ఆ పిన్నిచ్చినాయన లైట్‌హౌసు కాపలాదారట. రోజూ మూడొందల మెట్లెక్కే మనిషి, లిఫ్టులో మాత్రం కళ్లు గట్టిగా మూసుకున్నాడట.

ఎందుకని అడక్కుండా నేనుంటానా? ఆ పూట ఆయనకి బస్సు తప్పింది.