జానెడు, బెత్తెడు, రెండు వేళ్లు

లెక్కల మాస్టారికి చూపు పోతోంది. ఆ సంగతి భార్యకు తప్ప నరమానవుడికి తెలియదని ఆయన నమ్మకం. సాయంత్రాలు వంటగది బల్ల దగ్గర ఆవిడ పిల్లల పుస్తకాలు చదివి వినిపిస్తే, ఈయన మార్కులు చెప్పేవాడు. వేసేది ఆవిడే. గుట్టు రట్టయితే బోర్డు ముందు నుంచి లేపి ఏ స్టోరు గదిలోనో పడేస్తారు. ముప్పై ఏళ్లుగా సుద్దముక్క తప్ప మరో పని ఎరగని మనిషి. అక్కడ పడ్డాక బతికున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

గ్రాఫుల పాఠం మొదలుపెట్టినప్పుడు చెప్పాడు: "మీ కళ్లెదుట మారేదేదైనా పట్టుకోండర్రా. అడ్డంగా వారాలు, నిలువుగా కొలత. వారానికో చుక్క పెట్టి, చివర్లో కలపండి."

పదో వారం కాగితాలు చేతికొచ్చేసరికి భార్య ఇంట్లో లేదు. చెల్లెలికి ఒంట్లో బాగాలేదని వెళ్లింది. చదివిపెట్టే దిక్కు లేక, అన్నీ అలాగే తరగతి గోడకు అంటించేశాడు. ఖర్మ కాకపోతే ఆ రోజే బడి పెద్ద మేడం తనిఖీకి వచ్చింది.

ఒకడు సబ్బుబిళ్ల అరుగుదల గీశాడు. ఇంకొకడు వాళ్ల నాన్న కోపం గీశాడు.

"కోపాన్ని దేంతో కొలిచావురా?"

"కేకలు లెక్కపెట్టా మేడం."

తరగతి గొల్లుమంది. మాస్టారికి కాస్త ఊపిరాడింది.

"ఇదేంటి మాస్టారూ, తలకిందులుగా ఉంది?" మేడం ఇంకో కాగితం ముందు ఆగింది.

మాస్టారు గోడవైపు తిరిగాడు. "హడావుడిలో అంటించానండీ. ఎవరిదర్రా అది?"

ముందు బెంచీలోంచి బక్కపిల్ల లేచింది. అందరూ పిచ్చుక అంటారు. తలొంచుకుని నిలబడింది.

"ఏం కొలిచావమ్మా?" అంది మేడం.

పిచ్చుక బెంచీ అంచు గోకుతోంది. మాస్టారికి గోడ మీద కనబడేది మసక చదరం ఒక్కటే. మాట మళ్లితే చాలనుకున్నాడు. "చెప్పవే, సిగ్గెందుకు? నా దగ్గర నేర్చుకున్నదానివి!"

"మీ ముక్కుకీ పుస్తకానికీ మధ్య దూరం సార్. మొదటి వారం జానెడు. ఆరో వారం బెత్తెడు. ఇప్పుడు రెండు వేళ్లు."

ఎవరూ నవ్వలేదు.

"కళ్లజోడు మార్చాలండీ... ఆ దుకాణంవాడు ఇదిగో అదిగో అంటూ..." మాట మధ్యలోనే ఆపి, పిచ్చుక వైపు తిరిగాడు.

"తిప్పవే తల్లీ. సరిగ్గా పెట్టు."

కాగితం ఊడదీసిన చప్పుడు, మళ్లీ అదిమిన చప్పుడు.

"ఇప్పుడెలా ఉంది గీత?"

"ఎటు తిప్పినా దిగుతూనే ఉంది సార్."